సిగ్నలక్క నిచ్చెన దిగని రోజు

ఆ యూనివర్సిటీలో ఆమె అసలు పేరు జీతాలిచ్చే విభాగానికి తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. పిల్లలకు ఆమె సిగ్నలక్క. తరగతిలో నెట్ రాకపోయినా, హాస్టల్ మూలగదిలో వీడియో గిరగిరా తిరుగుతూ ఆగిపోయినా, "సిగ్నలక్కకి చెప్పండి" అనేవారు. ఆమె భుజాన పనిముట్ల సంచీ, చంకలో మడత నిచ్చెన పెట్టుకుని వచ్చేది. కప్పుకు బిగించిన తెల్లటి పళ్ళెంలాంటి వైఫై పెట్టెను విప్పి, దుమ్ము తుడిచి, వైరు మార్చి మళ్ళీ బిగించేది. పెట్టె మీద పచ్చదీపం వెలిగేదాకా పిల్లలు కింద మెడలెత్తుకుని నిలబడేవారు.

పని తేలికైనదేం కాదు. పాత భవనాల గోడలు ఎంత మందమంటే, నడవాలో దివ్యంగా పనిచేసే నెట్ గదిలో అడుగు పెట్టగానే చచ్చిపోయేది. ల్యాబుల్లో ఇనుప బీరువాలు అడ్డం, లైబ్రరీలో పుస్తకాల వరసలే అడ్డం. ఎక్కడ పెట్టె పెడితే ఎంతవరకు అందుతుందో చూడటానికి ఆమె ఫోను చేత్తో పట్టుకుని, ఏదో పారేసుకున్న మనిషిలా గది గదీ తిరిగేది.

నవ్వు మొహమే. కానీ కొన్ని అలవాట్లు వింతగా తోచేవి. గుంపు ఫొటోలోకి పిలిస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకునేది. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ముందు భుజాలు బిగుసుకునేవి, తర్వాతే తల తిరిగేది. సిగ్నలక్కకు కాస్త బెదురెక్కువని పిల్లలు నవ్వుకునేవారు. దేనికి బెదురో వాళ్ళకు తెలియదు.

ఆమెకు పెళ్ళయింది. భర్త వేరే ఊళ్ళో ఉన్నాడు. మొదటి నెలల్లో అతను బాగానే ఉన్నాడు. కొత్త ఫోను కొన్నప్పుడు అన్నీ సరిచేసి పెట్టమని ఆమె చేతికే ఇచ్చాడు. ముక్కు మీద కోపం ఉన్న మనిషి కదా అని ఆ ఫోనుకు ఆమె సరదాగా 'చిర్రుబుర్రు' అని పేరు పెట్టింది. అతనూ నవ్వాడు. తర్వాత్తర్వాత నవ్వు పోయింది. ముందు ఆమె ఫోను చూడటం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఫోనే తీసేసుకున్నాడు. ఇంకొన్నాళ్ళకు తాను బయటికి వెళ్తూ తలుపుకు బయట గడియ పెట్టడం నేర్చుకున్నాడు.

ఆ ఇంట్లో అతని చెల్లెలు ఉండేది, బడికెళ్ళే పిల్ల. వదిన ఎవరితో మాట్లాడింది, ఎంతసేపు మాట్లాడింది, కిటికీ దగ్గర ఎందుకు నిలబడింది, అన్నీ అన్నయ్యకు చేరవేసేది ఆ పిల్లే. వదిన పక్కింటావిడ ఫోనులో తన పిన్నితో మాట్లాడిందని ఆ పిల్ల చెప్పిన సాయంత్రం అతను ఆమె ఎడమ మణికట్టు విరిచాడు. అరవలేదు, తిట్టలేదు. మెల్లగా మాట్లాడుతూనే మెలిపెట్టాడు. అప్పటినుంచి ఆమెకు పెద్ద గొంతుల కన్నా మెల్లటి గొంతులంటేనే హడలు.

కట్టు విప్పించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు అతను మందుల వరసలో నిలబడ్డాడు. ఆమె వెనక ద్వారం గుండా బయటికి నడిచి, కనబడిన బస్సెక్కేసింది. రెండు బస్సులు మారి, ఏ ఊళ్ళో ఉంటుందో అతనికి ఎప్పుడూ చెప్పని పిన్ని దగ్గరికి చేరింది. పిన్నికి ఒక చిన్న ఇస్త్రీ దుకాణం, దాని మీద రెండు గదులు ఉన్నాయి. తలుపు తీసి, అక్క కూతురు కాదు, కన్నకూతురే వచ్చినట్టు లోపలికి లాక్కుంది.

"వాడిక్కడికొస్తే ఇస్త్రీ చేసి, మడతపెట్టి, కవర్లో పెట్టి పంపిస్తాలే. నువ్వు పడుకో," అంది.

చదువుకున్న డిప్లొమా ఉంది కాబట్టి యూనివర్సిటీ నెట్‌వర్క్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆ ఆఫీసు మేనేజరు సన్నగా, పొడుగ్గా, కొంచెం వంగి ఉండే మనిషి. పిల్లలు ఆయన్ను చాటుగా 'టవరు' అనేవారు. ఆయనకు ఆ సంగతి తెలుసు కూడా. పని చెప్పడం తప్ప ఇంటి సంగతులు అడిగే అలవాటు ఆయనకు లేదు. ఆమెకు కావలసిందీ అదే.

కొత్త విద్యార్థులు చేరే వారం వచ్చింది. తల్లిదండ్రులు దూరాల నుంచి వస్తారు, లోపల మామూలు సిగ్నల్ అందదు, వాళ్ళ కోసం అతిథుల వైఫై తెరిచి ఉంచుదామని ఆమె చెబితే మేనేజరు సరేనన్నారు. వచ్చినవాళ్ళు తమ ఫోను నంబరు ఇస్తే చాలు, నెట్ వస్తుంది. ఆమె ఆఫీసులో తెర ముందు కూర్చుని, ఏ పెట్టె మీద భారం ఎక్కువ పడుతోందో చూస్తోంది. తెర మీద ఆవరణ పటం ఉంటుంది. ఏ పెట్టె మీద నొక్కితే ఆ పెట్టెకు తగులుకున్న ఫోన్ల పేర్లు వరసగా కనిపిస్తాయి.

ముఖద్వారం దగ్గరి పెట్టె కిటకిటలాడుతోంది. నొక్కి చూసింది. పేర్లు కిందికి జరుపుతూ పోతుంటే ఒకచోట వేలు ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాల్లో చిర్రుబుర్రు.

అలాంటి పేరు ఇంకెవరైనా పెట్టుకోరా అని తనకు తాను చెప్పుకుంది. పక్కనే ఉన్న నంబరు చూసింది. ఆ నంబరు ఆమెకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

చూస్తుండగానే ఆ పేరు ముఖద్వారం పెట్టె నుంచి మాయమై, కార్యాలయ భవనం పెట్టె కింద తేలింది. కాసేపటికి ఫీజులు కట్టే హాలు. ఆ తర్వాత లైబ్రరీ మెట్లు. లైబ్రరీ దాటితే ఉన్నది నెట్‌వర్క్ ఆఫీసే. కొత్తగా చేరే పిల్లలూ వెంట వచ్చినవాళ్ళూ కాలేజీ వైఫై పాస్‌వర్డ్ కోసం ఎలాగూ ఇక్కడికే వస్తారు.

లేచి పారిపోవాలనుకుంది. ఆఫీసుకు ఒకటే గుమ్మం.

"సార్," అంది.

మేనేజరు తలెత్తి చూశారు. ఆమె తెర వైపు వేలు చూపించింది. "నా భర్త. వస్తున్నాడు. నేను ఇక్కడున్నానని తెలిస్తే తీసుకుపోతాడు సార్. చెయ్యి విరిచాడు."

ఆయన వెంటనే లేచారు. సర్వర్ గది తలుపు తీసి, "లోపల కూర్చోమ్మా. నేను పిలిచేదాకా రావద్దు," అన్నారు. తలుపు దగ్గరికి వేసి, ఆమె కుర్చీలో తానే కూర్చున్నారు.

సర్వర్ గది ఎప్పుడూ చలిగా ఉంటుంది. ఫ్యాన్ల హోరు. ఇనుప అరల మధ్య నేల మీద ముడుచుకుని కూర్చుంది. చలికో భయానికో పళ్ళు టకటకలాడుతుంటే చున్నీ అంచు నోట్లో కుక్కుకుంది. తలుపు సందులోంచి కౌంటరు దగ్గరి మాటలు వినబడుతున్నాయి. ఎవరో వచ్చారు. అడుగులు ఆగాయి. అతని గొంతు కోసం ఊపిరి బిగబట్టింది.

వినబడింది ఆడపిల్ల గొంతు.

"సార్, ఇక్కడే పాస్‌వర్డ్ ఇస్తారా?"

"ఇక్కడేనమ్మా. ఫోనివ్వు."

"సార్, ఒకటడగనా? కాలేజీ వైఫై పెట్టుకుంటే నేనేం చూస్తున్నానో, ఎవరితో మాట్లాడుతున్నానో మా అన్నయ్యకి తెలుస్తుందా?"

మేనేజరు ఫోను అందుకుంటూ, "మీ అన్నయ్యకి ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు.

"ఇది అన్నయ్య పాత ఫోను, నంబరు కూడా ఆయన పాతదే. ఇందులో ఏదో పెట్టాడు. నేనెక్కడున్నానో ఆయన ఫోనులో కనబడుతుంది. రోజూ రాత్రి ఫోనంతా చూస్తాడు. హాస్టల్లో చేరాక కూడా వారం వారం వచ్చి చూస్తానన్నాడు."

లోపల కూర్చున్నామె చున్నీ నోట్లోంచి తీసింది. ఆ గొంతు ఎదిగింది కానీ ఎవరిదో పోల్చుకోలేనంత మారలేదు. తన మీద చాడీలు చెప్పిన పిల్ల. ఇప్పుడు కౌంటరు దగ్గర నిలబడి, ఒకప్పుడు తాను ఎవరినీ అడగలేకపోయిన మాట అడుగుతోంది.

బయటికి వెళ్ళకూడదని తెలుసు. అయినా ఎలా లేచిందో, తలుపు ఎలా తీసిందో ఆమెకు తర్వాత గుర్తులేదు. పిల్ల ఆమెను చూసి కౌంటరు అంచు పట్టుకుంది.

"వదినా."

మేనేజరు ఒకసారి ఈమెనూ ఒకసారి ఆ పిల్లనూ చూసి, ఫోను బల్ల మీద పెట్టారు. పిల్ల మొహంలో రంగు పోయింది. అద్దాల తలుపు వైపు చూసి, "అన్నయ్య బయటే ఉన్నాడు, లోపలికి వెళ్ళిపో వదినా," అంది గబగబా.

అద్దంలోంచి కనిపించాడు. మోటారుసైకిలుకు ఆనుకుని, కొత్త ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ కొత్త ఫోను వైఫైకి తగులుకోలేదు కనుక పటం మీద ఎక్కడా లేదు. జుట్టు కొంచెం పల్చబడింది, అంతే. అతను తలెత్తేలోగా ఆమె మళ్ళీ చీకటి గదిలో ఉంది.

తలుపు చప్పుడైంది. మెల్లటి గొంతు.

"ఇంకా అవలేదా?"

"ఒక్కొక్కరే రావాలండీ. మీరు బయట ఆగండి," అన్నారు మేనేజరు.

"నేను అన్నయ్యనండీ. ఒక చిన్న సంగతి. మా చెల్లెలు ఏ బిల్డింగులో ఉందో మీకు పటంలో కనబడుతుందట కదా. ఇంట్లోవాళ్ళం మేం కూడా చూసుకునే ఏర్పాటేమైనా ఉందా?"

"లేదు."

"మీరు చూడగలరు కదండీ."

"నెట్ పాడైతే బాగుచేయడానికి చూస్తాం. మనుషుల్ని చూడటానికి కాదు."

అతను చిన్నగా నవ్విన చప్పుడు వినబడింది. పిల్ల అంది, "అయిపోయింది అన్నయ్యా, పద." అడుగులు దూరమయ్యాయి. మోటారుసైకిలు శబ్దం సందు మలుపు తిరిగేదాకా ఆమె లేవలేదు. లేచేసరికి ఒళ్ళంతా ముచ్చెమటలు, అంత చలి గదిలోనూ.

ఆ తర్వాతి రోజులు బిక్కుబిక్కుమంటూ గడిచాయి. పిల్ల చెబుతుందా, చెప్పదా? ఆమె ఇంటికి రోజుకో దారిన వెళ్ళేది. పిన్ని దుకాణం షట్టరు సగం దించి ఉంచేది. "ఉద్యోగం మానెయ్, ఇంకో ఊరెళ్దాం," అని పిన్ని ఒకరోజు అంది. దుకాణం అమ్ముకుని ఈ వయసులో పిన్ని ఎక్కడికని వెళుతుంది? అక్కర్లేదంది.

పొద్దున్నే ఆఫీసుకు రాగానే తెర మీద ఆ పేరు వెతకడం అలవాటైపోయింది. చిర్రుబుర్రు లెక్చర్ హాల్లో ఉంది. చిర్రుబుర్రు క్యాంటీన్లో ఉంది. హాస్టల్లో ఉంటే కాస్త ఊపిరి పీల్చుకునేది. ఒకనాడు అలా చూస్తుంటే మేనేజరు ఆమె వెనకగా వచ్చి ఆగారు. మందలించలేదు.

"ఆ పిల్ల ఎక్కడ తిరుగుతోందో చూసేవాళ్ళు ఇప్పటికే ఒకరున్నారమ్మా," అన్నారు అంతే.

ఆమె మొహం జేవురించింది. తెర మూసేసింది. మరి చూడలేదు. చూడకపోయేసరికి భయం రెట్టింపయింది.

పిల్ల తనంతట తానే వచ్చింది, హాస్టల్ మేడ మీద ఆమె వైరు లాగుతుండగా. గోడకు ఆనుకుని నిలబడి, "నేను చెప్పలేదు వదినా," అంది. మళ్ళీ, "నీ నంబరిస్తావా? ఎప్పుడైనా అవసరమైతే," అంది.

ఇవ్వాలా వద్దా? ఇదే పిల్ల ఒకప్పుడు తలుపు చాటున నిలబడి ఆమె మాటలు వినేది. కానీ ఇప్పుడు ఆ పిల్ల కళ్ళ కింద నలుపు చూస్తే అద్దంలో తనను తాను చూసుకున్నట్టుంది. నంబరు చెప్పింది. "నా పేరుతో దాచుకోకు. ఇంకేదైనా పేరు పెట్టుకో," అంది.

కొన్నాళ్ళకు, ఆమె మధ్యాహ్నం టీ తాగుతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు. హలో అంది. అవతల ఎవరూ మాట్లాడలేదు. పక్కన ఎక్కడో బస్సు హారను. ఎవరో మెల్లగా ఊపిరి తీసుకుంటున్న చప్పుడు. ఫోను కట్టయింది.

వెంటనే పిల్లకు ఫోను చేసింది. ఎత్తలేదు. మేనేజరుకు చెబుదామంటే ఆయన ఏదో మీటింగులో ఉన్నారు. భౌతికశాస్త్రం భవనం పై అంతస్తులో నెట్ మాటిమాటికీ పోతోందని అప్పటికే పిలుపు వచ్చి ఉంది. ఒంటరిగా ఆఫీసులో కూర్చోవడం కన్నా పిల్లలు నిండుగా ఉండే చోటుకు వెళ్ళడమే మేలనిపించింది. నిచ్చెన తీసుకుని వెళ్ళింది.

పై అంతస్తు నడవా ఖాళీగా ఉంది. రెండు వైపులా గదుల తలుపులు మూసి ఉన్నాయి, లోపల పాఠాలు, ఆన్‌లైన్ పరీక్షలు జరుగుతున్నాయి. ఆ అంతస్తు వైఫై పెట్టెలన్నింటికీ వైర్లు పంచే చిన్న డబ్బా కప్పుపలక వెనకాల ఉంటుంది. సంచీ కింద పెట్టి, ఫోను సంచీలో వేసి, నిచ్చెన ఎక్కింది. పలక జరిపి చేయి లోపలికి పెట్టింది. వదులైన వైరు చేతికి తగిలింది.

నిచ్చెన కొంచెం కదిలి, మళ్ళీ గట్టిగా నిలిచింది. ఎవరో పట్టుకున్నారు.

"జాగ్రత్త. నేను పట్టుకున్నాలే," అంది మెల్లటి గొంతు.

కిందికి చూడక్కర్లేకపోయింది. అయినా చూసింది. రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, పైకి చూస్తూ, నవ్వుమొహంతో నిలబడ్డాడు.

"దిగు. ఇంటికెళ్దాం."

పై ప్రాణాలు పైనే పోయాయి. అరుద్దామంటే గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. ఫోను అతని కాళ్ళ దగ్గర సంచీలో ఉంది.

"ఎంత వెతికించావే. ఏమీ అననులే. దిగు," అని నిచ్చెనను ఒకసారి మెల్లగా ఊపాడు. ఊయల ఊపినట్టు. "పడితే మళ్ళీ చెయ్యి విరుగుతుంది."

ఎడమ చేత్తో కప్పు చట్రం పట్టుకుంది. మణికట్టు కలుక్కుమంది. కుడిచెయ్యి ఇంకా కప్పు లోపలే ఉంది. ఆ చేతికి డబ్బా వేడిగా తగులుతోంది. దానికి కరెంటిచ్చే వైరు ఏదో చూడకుండానే తెలుసు. పట్టుకుని లాగేసింది.

ఒక క్షణం ఏమీ కాలేదు. నడవా పొడవునా పచ్చదీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఒక గదిలోంచి గోల వినబడింది. పక్క గదిలోంచి ఇంకో గోల. తలుపులు తెరుచుకోవడం మొదలైంది.

"అక్కా, నెట్ పోయింది."

"సిగ్నలక్కా, ఏం చేశావు, సగం జవాబులు పంపాను, ఇప్పుడే పోవాలా?"

"అదిగో, అక్క పైనే ఉంది."

ఒకరు, ఇద్దరు, పదిమంది. నడవా నిండిపోయింది. ఒక పాఠం చెప్పే ఆవిడ కూడా చేతిలో పెన్నుతో బయటికి వచ్చింది. అతను నిచ్చెన మీద నుంచి ఒక చెయ్యి తీశాడు.

"మీరెవరండీ?" అంది ఆవిడ.

"వీళ్ళాయన్ని. తీసుకెళ్దామని వచ్చాను," అన్నాడు మర్యాదగా.

అందరూ పైకి చూశారు. ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట అది. అంతమందిలో చెప్పడమంటే బట్టలు విప్పి నిలబడ్డట్టే అనిపించింది. అయినా నోరు తెరిచింది.

"ఈయన నా చెయ్యి విరిచాడు. నేను పారిపోయి వచ్చేశాను. ఈయనతో వెళ్ళను," అంది. "నాకు భయంగా ఉంది. ఎవరూ వెళ్ళిపోకండి."

ఎవరూ వెళ్ళలేదు. ఒక పొడుగు కుర్రాడు వచ్చి నిచ్చెన రెండోవైపు పట్టుకున్నాడు. ఇంకో అమ్మాయి సంచీ తీసి చంకలో పెట్టుకుంది. పాఠం చెప్పే ఆవిడ సెక్యూరిటీకి ఫోను చేసింది. అతను చుట్టూ చూశాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది కానీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది. నిచ్చెన వదిలేసి మెట్ల వైపు నడిచాడు. కింద సెక్యూరిటీవాళ్ళు ఆపారు.

అతను వెళ్ళిపోయాక కూడా ఆమె దిగలేకపోయింది. మేనేజరు పరుగున వచ్చి, కిందనుంచి ఒక్కో మెట్టూ చెబుతూ దింపారు. దిగాక నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. పిల్లలు ఎటు చూడాలో తెలియక గోడల వైపు చూశారు. ఒకడు మాత్రం, "అక్కా, తొందరేం లేదు, నెట్ నిదానంగా ఇవ్వచ్చు," అన్నాడు. ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది.

అదే సాయంత్రం మేనేజరు, పిన్ని ఇద్దరూ ఆమె వెంట పోలీస్ స్టేషనుకు వెళ్ళారు. ఏం జరిగిందో ఆ పిల్ల తర్వాత చెప్పింది. వారాంతంలో వచ్చి ఫోను చూసిన అన్నయ్యకు కొత్త నంబరు కనబడింది. ఎవరిదని అడిగాడు. స్నేహితురాలిదంది. నమ్మక, ఆ నంబరు తీసుకుని వెళ్ళి తానే ఫోను చేశాడు. ఒక్క హలో చాలింది, చెల్లెలు చదివే చోటే ఆమె కూడా ఉందని పోల్చుకున్నాడు. అక్కడి ఉద్యోగులెవరో, ఎవరెక్కడ పనిచేస్తారో అటూ ఇటూ అడిగితే చెప్పేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

అతను యూనివర్సిటీ ఆవరణలోకి గానీ ఆమె ఇంటి చాయలకు గానీ రాకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కేసు నడుస్తూనే ఉంది. వాయిదాకు వెళ్ళిన ప్రతిసారీ ఆమెకు ముందురోజు అన్నం సయించదు. అతను అటు కూర్చుని మెల్లగా లాయరు చెవిలో ఏదో చెబుతుంటే ఈమె వేళ్ళు చల్లబడిపోతాయి. అయినా వెళ్ళి వస్తోంది. పని మానలేదు. నిచ్చెన ఎక్కాల్సిన పనులకు ఇప్పుడు ఇద్దరిని పంపుతున్నారు. అది ఆమె అడిగింది కాదు, మేనేజరు పెట్టిన పద్ధతి.

చెల్లెలు అన్నయ్య ఫోను అతనికే తిరిగి పంపేసి, హాస్టల్లోనే ఉండిపోయింది. సెలవుల మొదటిరోజున ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఇస్త్రీ దుకాణం గుమ్మంలో వచ్చి నిలబడింది. సిగ్నలక్క ఆ పిల్లను రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. పిన్ని ఇద్దరి వంకా చూసి, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఒక చొక్కాల గుట్ట ఆ పిల్ల ముందుకు తోసింది.

"నిలబడితే ఏమొస్తుందే. ఇవి మడతపెట్టు. కాలర్లు నలిగాయో, ఊరుకోను."

పిల్ల చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చుంది. కాసేపటికి సిగ్నలక్క కూడా పక్కనే కూర్చుని, రెండో గుట్ట తన వైపు లాక్కుంది.